బాప్తిస్మంతో బాకీలు తీరిపోతాయా?

తొలకరి పడితే చాలు, తుగ్గలి మండలం జొన్నగిరి చేలల్లో వజ్రాల వేట మొదలవుతుంది. ఎక్కడెక్కడి జనమో వచ్చి, వంచిన నడుము ఎత్తకుండా తడి మట్టిలో వెతుకుతారు. ఒక్క రాయి దొరికితే ఒక్క పూటలో కష్టాలన్నీ గట్టెక్కుతాయని ఆశ. ‘క్రీస్తులో నూతన జీవితం’ అన్న మాటను కూడా చాలామంది ఇలాగే అర్థం చేసుకుంటున్నారు.

అపోహ: బాప్తిస్మం తీసుకుంటే పాత లెక్కలన్నీ మాఫీ.

వాస్తవం: దేవుడు క్షమించాడంటే అప్పిచ్చిన పొరుగువాడు కూడా వదిలేశాడని కాదు. లూకా సువార్తలో జక్కయ్యను చూడండి. సుంకం వసూళ్లతో ఊరందరి చేతా ఛీ అనిపించుకున్నవాడు. యేసు ముందు అతని ఇంటికి అతిథిగా వెళ్లాడు. ఆస్తిలో సగం బీదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానని అతను ఆ తర్వాతే అన్నాడు. మొదట ఆదరణ, వెంటనే దిద్దుబాటు. మన దగ్గర ఈ రెండోది తరచూ ఎగిరిపోతుంది. పెళ్లాన్ని కొట్టినవాడు ఆరాధనలో మోకరించి ఏడవగానే, “ఇంక నువ్వూ క్షమించమ్మా” అని ఆమె మీద పడతారు పెద్దమనుషులు. ఇది అన్యాయం. కేసు ఉంటే కేసు నడవాల్సిందే.

అపోహ: నమ్మకం గట్టిదైతే తాగుడు ఆ రోజే మానొచ్చు, డాక్టరు అక్కర్లేదు.

వాస్తవం: ఏళ్ల తరబడి బాగా తాగినవాడు ఉన్నట్టుండి మానేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు. ప్రాణం మీదికీ రావచ్చు. ప్రార్థన చేయండి, ఆసుపత్రికీ తీసుకెళ్లండి. మనసు కుంగితే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, డబ్బు ఖర్చు లేదు.

అపోహ: మనవాళ్లు కరువులో గంజి కోసం క్రైస్తవంలో కలిసినవాళ్లే.

వాస్తవం: ఒంగోలు ప్రాంతంలో మాదిగ కులస్థుడు యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నది 1866లో, అంటే మహా కరువుకు పదేళ్ల ముందు. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వే పని పట్టి జనానికి కూలి ఇప్పించాడు. కూడు కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టాక, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. కడుపు బాధ ఎవరికీ లేదని అనను. కానీ మాలమాదిగలను మనుషుల్లా పిలిచి పక్కన కూర్చోబెట్టుకునే చోటు కూడా వాళ్లకు ఆకలంత అవసరమే.

అపోహ: మతం మారితే కులం పోతుంది.

వాస్తవం: పోదు. పోయేది ఎస్సీ హోదా. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన దళితులను బీసీ–సీలో పెట్టి ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు.

అపోహ: బావి దగ్గర యేసును కలిసిన సమరయ స్త్రీ చెడిపోయిన మనిషి.

వాస్తవం: యోహాను సువార్త నాలుగో అధ్యాయం మళ్లీ చదవండి. ఆమెకు అయిదుగురు భర్తలు ఉండేవారని, ఇప్పుడున్నవాడు భర్త కాడని ఉంది. వాళ్లు చనిపోయారా, వదిలేశారా అన్నది లేదు. ఆమెను ‘వేశ్య’ అన్నది సువార్త కాదు, బోధకులు. సుగ్గికని (కోతల కాలపు కూలి పనికి) గుంటూరు మిరప చేలకు వెళ్లొచ్చిన ఆడమనిషి మీద ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో మాటలు పుట్టేదీ ఇలాగే.

అపోహ: గతమంతా పదిమందిలో చెప్పుకుంటేనే విడుదల.

వాస్తవం: అలాంటి నియమం లేదు. కథోలికుల పాపసంకీర్తనం గురువు చెవిన మాత్రమే పడుతుంది, ఆయన దాన్ని బయటపెట్టకూడదు. మిగతా సంఘాల్లో సాక్ష్యం ఎవరిష్టం వాళ్లది. మైకులో ఒక్కసారి చెప్పిన మాటను ఊరు పదేళ్లు నెమరేస్తుంది. కాబట్టి కాపరులకు ఒక మనవి: కొత్తగా వచ్చినవాళ్లను, ముఖ్యంగా ఆడవాళ్లను, సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకండి.