వీధి పిల్లికి ఇంటి బొమ్మలు

"మనకే సెమిస్టర్ ఫీజుకి దిక్కులేదు, పిల్లికి బొమ్మలేంట్రా?" అని మీకు అనిపిస్తే తప్పు లేదు. మా రూమ్‌లో ముగ్గురం ఉంటే అందులో ఇద్దరి అభిప్రాయం అదే. కానీ రాత్రి మూడింటికి ఆ పిల్లి పరదా ఎక్కి, అక్కడినించి దుప్పట్లో కదులుతున్న కాలి వేళ్ళ మీదకి దూకి, ఆపైన తలుపు ముందు కూర్చుని రాగం ఎత్తుకుంటే ఎవరి అభిప్రాయమైనా మారిపోతుంది. మన కాలేజీ చుట్టుపక్కల రూముల్లో పిల్లుల్ని చేరదీసినవాళ్ళు నాకు తెలిసే అరడజను మంది ఉన్నారు. వాళ్ళ కోసం, ఇక ముందు చేరదీయబోయేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మా పిల్లి పేరు పులిహోర. పసుపు రంగు, ఒంటి మీద చారలు, పైగా పేరులో పులి ఉంది. మెస్ వెనక పెరిగాడు. ఆగస్టులో ఎవరిదో బైక్ తగిలి వెనక కాలు విరిగింది. కట్టు కట్టిన డాక్టరుగారు ఆరు వారాలు బయటికి వదలొద్దన్నారు. ఎముక అతికింది కానీ కుంటు మాత్రం మిగిలిపోయింది. మెస్ వెనక కుక్కల గుంపు సంగతి మీ అందరికీ తెలుసు కదా, పరిగెత్తలేని పిల్లిని మళ్ళీ అక్కడ వదిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. సరే, మాతోనే ఉండనిద్దామనుకున్నాం. ఈలోగా కింద ఉండే ఓనర్ ఆంటీ పైకొచ్చి, "ఏం బాబూ, రాత్రంతా ఆ అరుపులేంటి? అంకుల్‌గారికి బీపీ. నెలాఖరు దాకా చూస్తాను, ఆ తర్వాత పిల్లో, మీరో తేల్చుకోండి" అని చెప్పి వెళ్ళారు. అంటే మాకున్న గడువు ఇరవై రోజులు.

ముందు అసలు సమస్య ఏంటో చూద్దాం. పిల్లి ఆటకీ వేటకీ పెద్ద తేడా లేదు. కన్నేసి చూడటం, నక్కుతూ దగ్గరికెళ్ళడం, ఉరకడం, దూకడం, పట్టడం, కొరకడం, తినడం. ఈ వరసంతా దాని ఒంట్లోనే ఉంది. బయట బతికే పిల్లి రోజుకి ఎన్నోసార్లు వేటకెళ్తుంది, ఎక్కువసార్లు ఖాళీ నోటితోనే తిరిగొస్తుంది. దాని రోజులో చాలా భాగం దీనికే సరిపోతుంది. అలాంటిదాన్ని పదడుగుల గదిలో పెట్టి గిన్నెలో తిండి పోస్తే రెండు నిమిషాల్లో తినేస్తుంది. మిగతా వరసంతా అలాగే మిగిలిపోతుంది, అది మన కాలి వేళ్ళ మీద తీరుతుంది. కడుపు నిండితే వేట బుద్ధి పోతుందనుకోవడం పొరపాటు. ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2021లో ఒక అధ్యయనం ప్రచురించారు. బయట తిరిగే పెంపుడు పిల్లులతో వాటి యజమానులు రోజుకి 5 నుంచి 10 నిమిషాలు ఆడితే, అవి ఇంటికి పట్టుకొచ్చే ఎలకలూ పిట్టలూ పావు వంతు తగ్గాయట. అంటే ఆ కాస్త ఆట కూడా వేట లెక్కలోకి వెళ్తోందన్నమాట.

అలాగని మొదటి రోజే బొమ్మ తెచ్చి ముక్కు ముందు ఊపితే పనవదు. భయపడిన పిల్లి ఆడదు. పులిహోర మొదటి నాలుగు రోజులు మంచం కింద ట్రంకుపెట్టె వెనకే ఉన్నాడు. అప్పుడు వాడికి కావలసింది బొమ్మ కాదు, దాక్కునే చోటు. కిరాణా కొట్లో బిస్కెట్ల అట్టపెట్టె అడిగి తెచ్చి, స్టేపుల్ పిన్నులూ టేపూ పీకేసి, గోడ వారగా పెట్టాం. ఇది మేం కనిపెట్టిందేం కాదు. నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ప్రచురించిన ప్రయోగంలో, షెల్టర్‌కి కొత్తగా వచ్చిన పిల్లుల్లో కొన్నింటికి దాక్కునే పెట్టెలిచ్చారు, కొన్నింటికి ఇవ్వలేదు. పెట్టె దొరికినవి చాలా త్వరగా కుదుటపడ్డాయి. కాబట్టి పిల్లికి కొనాల్సిన మొదటి బొమ్మ ఖరీదు సున్నా.

ఐదో రోజుకి పెట్టెలోంచి తల బయట పెట్టాడు. అప్పుడు మొదలెట్టాం కర్ర ఆట. కర్రకి తాడు, తాడు చివర గుడ్డ ముక్క. దుకాణాల్లో ఈకలు కట్టినవి దొరుకుతాయి, ఇంట్లోనూ చేసుకోవచ్చు. ఇక్కడ బొమ్మ ఏదన్నదానికన్నా అదెలా కదులుతుందన్నదే ముఖ్యం. మనలో చాలామంది దాన్ని పిల్లి మొహం మీదకి తెస్తారు. ఏ ఎలకైనా తనంతట తాను పిల్లి నోట్లోకి వస్తుందా? బొమ్మ పిల్లి నుంచి దూరంగా పోవాలి, గోడ వార పాకాలి, తలుపు చాటుకెళ్ళి ఆగాలి, కొంచెం వణకాలి. ఆ ఆగడం దగ్గరే పిల్లి వెనక భాగం ఊగడం మొదలవుతుంది, అదే దూకబోయే ముందు గుర్తు. పిల్లి కన్ను కదలికని పట్టినంత బాగా రంగుల్ని పట్టదు, ఎరుపు దానికి సరిగా ఆనదు. మరీ ముక్కు దగ్గరున్న వస్తువూ మసగ్గానే కనిపిస్తుంది, అక్కడ మీసాలతో పని నడుపుకుంటుంది. చెవి మాత్రం అమోఘం. మనకి 20 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే దానికి 60 వేలు దాటి వినిపిస్తుంది. అందుకే రంగురంగుల బొమ్మ కన్నా గరగరలాడే కాగితం ఉండకే దాని ఓటు.

ఒక్కో పిల్లికి ఒక్కో వేట ఇష్టం. ఎగిరేదంటే కొన్నింటికి, పాకేదంటే కొన్నింటికి. మావాడు మెస్‌లో బల్లులు పట్టినవాడు కాబట్టి గోడ వారన పాకిన గుడ్డ ముక్కనే లెక్కలోకి తీసుకున్నాడు. అది మాకూ కలిసొచ్చింది. కాలు బాగాలేని పిల్లితో గాల్లోకి గెంతే ఆటలు ఆడించకూడదు కదా.

లేజర్ లైటు గురించి అడుగుతారని తెలుసు. ప్రెజెంటేషన్లకి కొన్నది ప్రతి రూమ్‌లోనూ ఒకటుంటుంది. నాకది నచ్చదు. మన భాషలో చెప్పాలంటే అది ఓపెన్ లూప్. పిల్లి చూస్తుంది, తరుముతుంది, దూకుతుంది, పంజా కింద మాత్రం ఏమీ ఉండదు. పట్టడం, కొరకడం లేకుండానే ఆట ఆగిపోతుంది. కొన్ని పిల్లులు ఆ తర్వాత గోడ మీద ఏ మెరుపు కనిపించినా వెతుకుతూ ఉండిపోతాయి. కంట్లో పడితే ప్రమాదం సరేసరి. వాడి తీరాలంటే చివర్లో ఆ చుక్కని ఏ గుడ్డ బొమ్మ మీదో, తిండి పలుకు మీదో ఆపి, పట్టుకున్నానన్న తృప్తి ఇవ్వండి.

ఇంకో సంగతి, కొన్న బొమ్మతో రెండ్రోజులాడి వదిలేసిందని తిట్టుకుంటారు చూడండి, ఆ తప్పు పిల్లిది కాదు. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో 2002 నాటి పరిశోధన ఒకటుంది. అదే బొమ్మని మళ్ళీ మళ్ళీ ఇస్తే పిల్లి ఉత్సాహం తగ్గుతూ వచ్చింది, కొత్తది ఇవ్వగానే మళ్ళీ విజృంభించింది. ఆడి ఆడి విసిగింది ఆట మీద కాదు, ఆ బొమ్మ మీద. పంజా ఎన్ని దెబ్బలు కొట్టినా ఏమాత్రం మారని వేట ఎందుకు పనికొస్తుంది? అందుకే బొమ్మలన్నీ ఒక్కసారే నేల మీద పరచకండి. మేం చెప్పుల డబ్బాలో ఆరేడు దాచి, రెండేసి చొప్పున బయటికి తీస్తాం. వారం తర్వాత పాతదే కొత్తదైపోతుంది.

ఇప్పుడు భయపెట్టే విషయం. పులిహోర కట్టు మార్పించడానికెళ్ళినప్పుడు పక్క బల్ల మీద ఒక తెల్లపిల్లి ఉంది. మూడు రోజులుగా వాంతులు, మంచినీళ్ళు కూడా ఆగట్లేదు. డాక్టరుగారు దాని నోరు తెరిచి నాలుక పైకెత్తి మాకు చూపించారు. నాలుక మొదట్లో చుట్టుకుని సన్నటి దారం, రెండో కొస గొంతులోకి వెళ్ళిపోయింది. మల్లెపూల దండ దారం అది. పూలు వాడిపోయాక తీసి పక్కన పడేసిందట ఆ ఇంటావిడ. పిల్లి నాలుక మీద ఉండే గరుకు ముళ్ళన్నీ గొంతువైపుకి వాలి ఉంటాయి. నోట్లో పడిన దారాన్ని ఉమ్మేయడం దానికి చాలా కష్టం, మింగడం తేలిక. ఒక కొస నాలుక దగ్గరో కడుపులోనో చిక్కుకుని, మిగతాది పేగుల్లోకి వెళ్ళిందంటే, పేగు దాన్ని ముందుకు నెట్టబోయి తనే దాని మీద కుచ్చులు పడుతుంది. లంగాకి నాడా బిగిస్తే బట్ట కుచ్చులు పడ్డట్టు. బిగుసుకున్న దారం పేగుని కోసేస్తుంది కూడా. అక్కణ్ణించి ఆపరేషన్ తప్ప దారి లేదు. ఆ పిల్లిని లోపలికి తీసుకెళ్ళడం చూశాం. మర్నాడు ఫోన్ చేసి అడిగితే బతకలేదన్నారు.

కాబట్టి నోటి నుంచి గానీ వెనక నుంచి గానీ దారం వేలాడుతూ కనిపిస్తే లాగొద్దు. లాగితే లోపల ఇంకా కోసుకుపోతుంది. ఉన్నదున్నట్టు డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. దారం కనిపించకపోయినా, వాంతులవుతూ తిండి మానేసి మూలన ముడుచుకున్న పిల్లిని రేపు చూద్దాంలే అని ఉంచకూడదు. కర్ర బొమ్మ కూడా ఆట అవగానే అలమరలోకి వెళ్ళిపోవాలి, పిల్లిని దానితో ఒంటరిగా వదలకూడదు. ఊలు ఉండతో ఆడే పిల్లి బొమ్మల్లోనే బాగుంటుంది. ఆ రోజు ఇంటికొచ్చి మా గదంతా వెతికితే ఎన్ని దొరికాయో! జుట్టు రబ్బరు బ్యాండ్లు, గిఫ్టు రిబ్బను, సూదితో సహా దారం, పాల ప్యాకెట్టు కత్తిరించినప్పుడు పడే ఆ చిన్న మూల ముక్క, కొరికితే ఊడొచ్చే థర్మోకోలు, చెవుల్లో పెట్టుకునే దూది పుల్లలు. బట్టల మధ్య పెట్టే కలరా ఉండలు కింద పడితే పిల్లికి అవి దొర్లే బంతులే, కానీ విషం. చప్పుడు చేసే బ్యాటరీ బొమ్మల్లో బటన్ సెల్ మూత స్క్రూతో బిగించి లేకపోతే కొనకండి.

కొనేటప్పుడు నేను చూసేది రెండే. ఒకటి కొలత. పిల్లి నోట్లో పూర్తిగా పట్టే వస్తువు వద్దు. పింగ్‌పాంగ్ బంతి 4 సెంటీమీటర్లుంటుంది, అంతకన్నా చిన్న బంతుల జోలికి నేను పోను. రెండోది గోటి పరీక్ష. గుడ్డ ఎలక కళ్ళు, మువ్వ, తోక గోటితో గట్టిగా లాగండి. మీ గోటికి ఊడొస్తే పిల్లి పంటికి ఆగదు. అంటించినవి ముందే పీకేసి ఇస్తే గొడవే లేదు, కళ్ళు లేవని పిల్లి ఫిర్యాదు చేయదు.

మేం చేసినవాటిలో బాగా ఆడింది సీసా. అర లీటరు నీళ్ళ సీసాకి తిండి పలుకు పట్టేంత రంధ్రాలు నాలుగైదు పెట్టి, అంచులు కొవ్వొత్తి మంటకి చూపించి నున్నగా చేసి, మూత తీసేసి, లోపల గుప్పెడు పలుకులు వేశాం. పంజాతో దొర్లిస్తే ఒక్కోటి రాలుతుంది. గిన్నెలో రెండు నిమిషాల భోజనం కాస్తా ఇరవై నిమిషాల పని అయింది. గోడ్రెజ్ బీరువా పక్కన చెక్క పలకకి గోనెపట్టా బిగించి నిలబెట్టాం, గోళ్ళు గీరుకోడానికి. అది పిల్లి ఒళ్ళు సాగదీసుకునేంత ఎత్తుండాలి, ఊగకూడదు. ఊగిందంటే మళ్ళీ దాని మొహం చూడదు, మీ పరుపు దగ్గరికే వస్తుంది. పోగులు వేలాడితే మాత్రం కత్తిరించాలి, పైన చెప్పిన కారణమే.

క్యాట్‌నిప్ అని పొడి అమ్ముతారు. అందులో నెపెటలాక్టోన్ అనే పదార్థం వాసనకి మూడింట రెండు వంతుల పిల్లులు పొర్లిగింతలు పెడతాయి, మిగతావాటికి పుట్టుకతోనే పట్టదు. మన పెరళ్ళలో దానికి దీటైనది కుప్పింటాకు మొక్క. ఆకు జోలికి పోని పిల్లి, వేరు పీకి పడేస్తే చాలు దాని మీద దొర్లుతుంది. తమిళంలో దీనికి పిల్లి మొక్కేది అనే అర్థంతో ఒక పేరే ఉంది. నేనైతే కడిగి ఆరబెట్టిన వేరు ముక్కని సాక్సులో కట్టి, వారానికోసారి కాసేపు వాసన చూపించి తీసేస్తాను. తినిపించను.

చేతుల్ని మాత్రం బొమ్మలు చేయకండి. చిన్నప్పుడు ముద్దుగా ఉంటుంది, పెద్దయ్యాక అదే పన్ను ఎముక దాకా దిగుతుంది. కరిచినా గీరినా సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా సంగతి అడగాలి. ఇందులో బద్ధకం పనికిరాదు.

మా గడువు సంగతి చెప్పలేదు కదా. పడుకోబోయే ముందు పది నిమిషాలు గోడ వార బల్లి ఆట, చివర్లో గుడ్డ ముక్కని వాడికి పూర్తిగా వదిలేయడం, వెంటనే భోజనం. వేట, తిండి, ఒళ్ళు నాక్కోవడం, నిద్ర, ఇదే వరస. రెండో వారానికి మూడింటి రాగం నాలుగున్నరకి జరిగింది, మూడో వారానికి ఐదున్నరకి. ఐదున్నరకి ఆంటీ ఎలాగూ ముగ్గు వేయడానికి లేస్తారు. నెలాఖరున అద్దె ఇవ్వడానికెళ్తే, "పిల్లిని పంపేశారా, చప్పుడు లేదు?" అన్నారు. లేదండీ అన్నాం. ఏమీ అనలేదు. మొన్న ఓ రోజు మెట్ల మీద చేప తల పెట్టిన ప్లేటొకటి కనిపించింది. ఎవరు పెట్టారో మేం అడగలేదు. ముల్లు ఉంటుందని వాడికీ పెట్టలేదు.

సంక్రాంతి సెలవులకి మేం ఊళ్ళకెళ్తే పులిహోర జూనియర్ల దగ్గర ఉంటాడు. వాళ్ళకి రాసిచ్చిన కాగితంలో మొదటి వాక్యం బాల్కనీ గురించి. నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతా నిషేధించింది, అయినా జనవరిలో మా బాల్కనీ గ్రిల్లుకి తెగిన గాలిపటాల దారాలు వేలాడుతూనే ఉంటాయి. పొద్దున్నా సాయంత్రం అవన్నీ ఏరి, ముక్కలుగా కత్తిరించి, మూతున్న డబ్బాలో వేశాకే వాడిని బాల్కనీలోకి వదలండి.