విమానదళము - దూరదృష్టి

వరి యొక యేటి పంట. చింతతోపు మనుమల నాఁటికిఁ గాని నీడ నీయదు. దేశపు విమానదళ నిర్మాణము చింతతోపు వంటిది.

మన దేశము 'తేజస్' అను తేలిక యుద్ధవిమానమును నిర్మింపఁ బూనినది 1983లో. అది తొలిసారి యెగిరినది 2001లో. దళమునఁ జేరినది 2016లో. ఇట్టి యాలస్యము వలన, 1963లో వచ్చిన మిగ్-21 జాతిని 2025 వరకు నడుపవలసి వచ్చినది. తేజస్ ఇంజను నేఁటికిని అమెరికా నుండి రావలసినదే. అరువు తెచ్చిన యెద్దులతో అదనుకు దుక్కి సాగునా?

కావున ముఖ్యకార్యములు మూఁడు: ఇంజనును మన దేశముననే తయారు చేసికొనుట, దుండిగల్ వంటి శిక్షణాలయములలో వైమానికులను ఎడతెగక తీర్చిదిద్దుట, ప్రభుత్వములు మారినను పని యాగకుండఁ జూచుట. శత్రువు వచ్చిననాఁడు నాటిన విత్తు ఆనాఁడే ఫలింపదు.