'గివ్ అప్' అను ఆంగ్లక్రియ – తెలుగున దాని అర్థభేదములు

ఆంగ్లభాషలో 'గివ్' అనగా ఇచ్చుట. 'అప్' అనగా పైకి. ఈ రెండును కలిసిన 'గివ్ అప్' అను పదబంధమునకు మాత్రము పైకి ఇచ్చుట యను అర్థము లేదు. విడుచుట, మానుట, అప్పగించుట, ఓటమి నంగీకరించుట అనునవి దాని ముఖ్యార్థములు. ఇట్టి పదబంధములు పెక్కింట 'అప్' దిక్కును గాక క్రియాసమాప్తిని తెలుపును. 'ఈట్' అనగా తినుట. 'ఈట్ అప్' అనగా మిగులకుండ తినివేయుట. తెలుగున వేయు, పోవు, పెట్టు మున్నగు సహాయక్రియలు చేయు పనిని ఆంగ్లమున ఈ చిన్న అవ్యయము నిర్వహించుచున్నది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల విద్యార్థులకు ఈ విషయమును సులభముగా బోధింపవచ్చును. ఈ సీమకు పొరుగుభాషలైన కన్నడ తమిళములలో 'బిట్టుబిడు', 'విట్టువిడు' అను రూపములు కలవు. ఇవి మన 'విడుచు'తో ఏకమూలకములు. ఆ భాషలలో విడుచుట యను క్రియయే మరల సహాయక్రియయై సమాప్తిని సూచించును. తెలుగు అట్లుగాక సహాయక్రియను మార్చి అర్థభేదమును సాధించును.

అనువాదకునకు చిక్కు కలుగునది ఇచటనే. పొగత్రాగుట విషయమున 'మానివేసెను' అనవలెను. దొంగ విషయమున 'అప్పగించిరి'. పొడుపుకథ విప్పలేనివాని విషయమున 'చేతులెత్తివేసెను'. ఆశ విషయమున 'వదలుకొనెను'. ఈ కడపటి రూపములోని 'కొను' ఫలము కర్తకే చెందునని తెలుపును. 'వదలివేసెను' అన్నచో ఆ స్ఫురణ లేదు. 'గివ్ ఇన్' అనునది వేరు. ఒరుల ఒత్తిడికి తలయొగ్గుట దాని అర్థము. ప్రయోగమున సర్వనామము క్రియావ్యయముల నడుమ నిలుచును: 'గివ్ ఇట్ అప్' సాధువు, 'గివ్ అప్ ఇట్' అసాధువు.

మదనపల్లెతో సంబంధముగల ఒక ఉదాహరణమును పరిశీలింతము. రవీంద్రనాథ ఠాగూరు 1919లో అచటి దివ్యజ్ఞాన కళాశాలలో విడిదిచేసి 'జనగణమన' గీతమును స్వయముగా ఆంగ్లీకరించెను. ఆ యేడే ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్ హత్యాకాండ జరిగెను. మే నెలాఖరున రాజప్రతినిధికి లేఖ వ్రాసి, 1915లో తనకు లభించిన 'సర్' బిరుదమును ఆయన 'గివ్ అప్' చేసెను. దీనిని 'మానివేసెను' అనుట తప్పు. 'అప్పగించెను' అన్నచో కార్యాలయవ్యవహారము వలె నుండును. 'వదలివేసెను' వ్యాకరణమునకు ఒప్పునుగాని, త్యాగభావము నీయదు. 'వదలుకొనెను' అన్నప్పుడే ఆ గౌరవము ఆయనదే యనియు, దాని లోటును ఆయన బుద్ధిపూర్వకముగా భరించెననియు పాఠకునకు తెలియును.

కావున నిఘంటువు చూపిన మొదటి పదముతో తృప్తిపడక, విడువబడిన దేది, ఆ లోటు ఎవరిది అని విచారించి అనువాదకుడు క్రియను ఎన్నుకొనవలెను.