మైదా చేసే పని ఎవరు చేస్తారు?

ఇంట్లో ఒకరికి గోధుమ పడదని డాక్టర్ తేల్చగానే చాలామంది చేసే మొదటి ప్రయత్నం ఒక్కటే. పాత కేకు కొలతల్లో కప్పు మైదా తీసేసి కప్పు బియ్యప్పిండి వేస్తారు. ఓవెన్‌లోంచి తీసిన కేకు చూడ్డానికి బాగానే ఉంటుంది. కత్తి పెట్టగానే ఇసుకలా రాలిపోతుంది. దాంతో ఈసారి జొన్నపిండి, మరోసారి రాగిపిండి అంటూ పిండి మార్చుకుంటూ పోతారు. మైదాకు సరిజోడు పిండిని ఇలా వెతికినంత కాలం ఫలితం మారదు. వెతకాల్సింది, మైదా చేసే పనిని చేసిపెట్టే వస్తువుల కోసం.

గోధుమలో గ్లయడిన్, గ్లూటెనిన్ అనే రెండు రకాల ప్రొటీన్లు ఉంటాయి. నీళ్లు తగిలి, పిసికేకొద్దీ ఇవి పెనవేసుకుని సాగే వలగా మారతాయి. అదే గ్లూటెన్. ఈస్ట్ పుట్టించే గాలిని ఈ వల బుడగల్లా పట్టి ఉంచడం వల్లే బ్రెడ్డు పొంగుతుంది. బియ్యం, జొన్న, రాగి, సజ్జల్లో ఇలాంటి వల కట్టే ప్రొటీన్లు లేవు. అయితే గ్లూటెన్ అవసరం అన్నిటికీ ఒకేలా ఉండదు. కేకును నిలబెట్టడంలో గుడ్డుకు పెద్ద వాటా ఉంది. బిస్కెట్లకు గ్లూటెన్‌తో పని ఇంకా తక్కువ. శనగపిండి నాన్‌ఖటాయీ నోట్లో వేసుకోగానే కరగడమే దాని గొప్ప. కాబట్టి బిస్కెట్లతో మొదలుపెట్టి, కేకు మీదుగా బ్రెడ్డుకు రావడం తెలివైన దారి. పైగా కప్పుల్ని నమ్మకూడదు. కప్పు మైదా సుమారు 125 గ్రాములు తూగితే, కప్పు బియ్యప్పిండి 150 దాటుతుంది. కప్పుకు కప్పు వేసినవారి కేకు గట్టిపడటానికి ఇదీ ఒక కారణమే. త్రాసు ఉండాలి.

జిగురు లేని పిండిని లొంగదీసే విద్య మన వంటిళ్లకు కొత్త కాదు. చేగోడీలు చేసేవారు బియ్యప్పిండిని చన్నీళ్లతో కలపరు. మరిగే నీళ్లలో పోసి, మూతపెట్టి, గోరువెచ్చగా అయ్యాక మర్దిస్తారు. ఆ వేడికి పిండిలోని గంజి పదార్థం నీటిని పీల్చి ఉబ్బి జిగురుగా మారుతుంది. అందుకే సన్నటి తాడులా పాముకుని గుండ్రంగా చుట్టినా విరగదు. జొన్నరొట్టెకు ఉడుకునీళ్లు పోసేదీ ఇందుకే. ఇక ఇడ్లీ పిండి సంగతి చూడండి. రుబ్బిన మినప్పప్పులోని ప్రొటీన్లు, జిగురు కలిసి పులిసినప్పుడు పుట్టిన గాలిని పట్టి ఉంచుతాయి. గ్లూటెన్ చేసే పనే ఇది, గోధుమ గింజ ఒక్కటి కూడా లేకుండా.

ఇదే సూత్రాన్ని బ్రెడ్డుకు అన్వయించవచ్చు. జొన్నపిండి, బియ్యప్పిండి, సగ్గుబియ్యం పిండి కలిపి, ప్రతి 100 గ్రాముల పిండికి 5 గ్రాముల ఇసబ్‌గోల్ తీసుకోవాలి. ఇసబ్‌గోల్‌ను ముందు నీళ్లలో వేస్తే కొద్ది నిమిషాల్లో చెంచాకు అంటుకుని సాగే జెల్లీ అవుతుంది. బుడగల్ని పట్టేది ఆ జెల్లీయే. నీళ్లు దాదాపు పిండి బరువంత, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే పడతాయి. చపాతీ ముద్దను ఊహించుకున్నవారికి ఇది పాడైపోయిందనిపిస్తుంది. గారెల పిండిలా మెత్తగా ఉండటమే దీని పద్ధతి. టిన్నులో వేసి తడిచేత్తో సర్దాలి. కాలాక పూర్తిగా చల్లారేదాకా కోయకూడదు. వేడిమీద కోస్తే లోపలి గంజి ఇంకా గట్టిపడక బంకలా కత్తికి చుట్టుకుంటుంది.

అన్నం తినే ప్రాంతంలో ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. తోటి పిల్లల పుట్టినరోజుల్లో కేకు ముక్క వద్దని చెప్పాల్సివచ్చే పిల్లవాడి వైపు నుంచి చూస్తే ఈ ప్రశ్న నిలవదు. బజార్లో తయారు మిశ్రమాలు దొరుకుతున్నాయి కదా అంటే, దొరుకుతున్నాయి. కానీ చాలావాటిలో శుద్ధిచేసిన గంజిపొడులే ఎక్కువ, ధరా ఎక్కువే. జొన్న, రాగి పీచుతో సహా వస్తాయి. అందరూ గోధుమ మానేస్తే మంచిదన్న ప్రచారాన్ని మాత్రం ఒప్పుకోలేం. గ్లూటెన్ పడని సీలియాక్ వ్యాధి ఉన్నవారికి ఇది జీవితాంతం తప్పని పథ్యం, మిగతా చాలామందికి దీంతో పనిలేదు. అనుమానం ఉన్నవారు పరీక్షకు ముందే గోధుమ మానేస్తే రక్తపరీక్షలో జబ్బు బయటపడకపోవచ్చు. పరీక్ష ముందు, పథ్యం తర్వాత.

ఆ పథ్యంలో కొలత చాలా చిన్నది. మన ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం గ్లూటెన్ రహితమని చీటీ వేయాలంటే కిలోకు గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు మించకూడదు. చాలా ఇంగువ పొడుల్లో గోధుమపిండి కలుస్తుంది, బొంబాయి రవ్వ గోధుమదే, గోధుమలు ఆడిన మరలోనే జొన్నలు ఆడిస్తారు. అందుకే ఆ ఇంట్లో పిండి విడిగా ఆడించుకోవాలి, జల్లెడ వేరే ఉండాలి. రెండు జల్లెళ్లూ ఒకేలా ఉంటే, ఒకదానికి ఎర్రదారం కట్టి పైఅరలో పెట్టాలి.