అపొస్తలుడు: పంపబడినవాడా, పదవిలో ఉన్నవాడా?

మీ దగ్గర తెలుగు బైబిలు ఉంటే ఈ పాఠం మొదలుపెట్టే ముందు మూడు చోట్ల తెరిచి చూడండి. గలతీయులకు రాసిన పత్రిక మొదటి వచనంలో పౌలు తనను 'అపొస్తలుడు' అని చెప్పుకొన్నాడు. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో ఎపఫ్రొదితు అనే వ్యక్తిని 'దూత' అన్నాడు. యోహాను సువార్త 13వ అధ్యాయంలో, శిష్యుల పాదాలు కడిగిన సందర్భంలో, యేసు నోట 'పంపబడినవాడు' అనే మాట వస్తుంది. తెలుగులో ఇవి మూడు మాటలు. గ్రీకు మూలంలో మూడు చోట్లా ఉన్నది ఒకే మాట: అపొస్తొలోస్. అనువాదకులు ఒక చోట దాన్ని అలాగే ఉంచి తెలుగు లిపిలోకి తెచ్చారు, మిగిలిన చోట్ల అర్థం రాశారు. అందువల్ల మనకు మొదటిది బిరుదులా, తక్కినవి పనిలా వినిపిస్తాయి. తొలితరం క్రైస్తవులు విన్నది మాత్రం ఒకే మాట. ఈ సంగతి మనసులో ఉంచుకుంటే ముందు వచ్చే వివాదాలన్నీ సులువుగా అర్థమవుతాయి.

ఆ మాటకు అర్థం 'పంపబడినవాడు'. యేసుకు చాలా ముందే హెరొడోటస్ తన చరిత్రలో ఒక రాజు పంపిన రాయబారికి ఈ మాట వాడాడు. యూదుల న్యాయ సంప్రదాయంలో దీనికి దగ్గరగా 'షలియఖ్' అనే భావన ఉంది. ఒకరు తన పని మీద పంపిన మనిషి, ఆ పని మేరకు, పంపినవాడితో సమానం. మా పెద్దకడుబూరు వైపు రైతులకు ఇది కొత్త కాదు. పత్తి ఆదోని మార్కెట్ యార్డుకు తోలిన రోజు తనకు వీలు కాక తమ్ముణ్ణి పంపితే, అక్కడ తమ్ముడు ఒప్పుకున్న రేటుకు ఇంటి దగ్గర ఉన్న అన్న కట్టుబడాలి. తమ్ముడి మాటకు అంత బలం ఉన్నది అన్న పంపాడు కాబట్టే. అన్న పంపలేదని తేలితే ఆ మాటకు విలువ లేదు. అపొస్తలుడి విషయంలోనూ మొదట తేలవలసిన ప్రశ్న ఇదే: ఇతణ్ణి పంపింది ఎవరు?

ఈ ప్రశ్నకు కొత్త నిబంధనలోనే రెండు జవాబులు ఉన్నాయి. అవి ఒకదానితో ఒకటి పొసగవు. అపొస్తలుల కార్యములు 1వ అధ్యాయంలో యూదా స్థానంలో ఒకరిని ఎన్నుకోవలసి వచ్చినప్పుడు షరతు స్పష్టంగా పెట్టారు. యోహాను బాప్తిస్మం ఇచ్చిన కాలం నుంచి యేసుతో కలిసి తిరిగినవాడై, పునరుత్థానానికి సాక్షి కాగలవాడై ఉండాలి. చీట్లు వేస్తే మత్తీయ పేరు వచ్చింది. ఈ కొలతతో చూస్తే పౌలు అపొస్తలుడు కాడు. ఆయన యేసు వెంట ఒక్క రోజు కూడా తిరగలేదు, పైగా సంఘాన్ని హింసించినవాడు. ఆ గ్రంథం కూడా పౌలును, బర్నబాను అపొస్తలులని పిలిచింది 14వ అధ్యాయంలో మాత్రమే. అంతకుముందే 13వ అధ్యాయంలో అంతియొకయ సంఘం వాళ్లిద్దరినీ పంపించింది.

పౌలు కొలత వేరు. తాను లేచిన ప్రభువును చూశానని, తనను పంపింది మనుషులు కాదని ఆయన వాదన. పునరుత్థానుడైన యేసు ఎవరెవరికి కనిపించాడో 1 కొరింథీయులు 15వ అధ్యాయంలో చెబుతూ 'పన్నెండుగురు' అని ఒకసారి, 'అపొస్తలులందరు' అని వేరుగా ఇంకోసారి అన్నాడు. అంటే అపొస్తలులు పన్నెండుగురే అన్న లెక్క ఆయనకు తెలియదు. రోమీయులు 16వ అధ్యాయంలో అంద్రొనీకుతో పాటు యూనీయ అనే పేరును అపొస్తలుల సరసన ప్రస్తావించాడు. యూనీయ స్త్రీ పేరు. నాలుగో శతాబ్దంలో గ్రీకు మాతృభాషగా ఉన్న జాన్ క్రిసొస్తొమ్ ఆమెను స్త్రీ అపొస్తలురాలిగానే మెచ్చుకున్నాడు. తరవాతి కాలంలో కొందరు ఆ పేరును పురుషుడిదిగా మార్చి చదివారు. ఆ మార్పుకు భాషాపరమైన ఆధారం బలహీనం. అందులో చదివినవారి అభిప్రాయమే ఎక్కువ ఉందని నా ఉద్దేశం.

పౌలుకు అసలు చిక్కు కొరింథులో వచ్చింది. ఆయన తరవాత అక్కడికి మరికొందరు బోధకులు సిఫారసు ఉత్తరాలతో వచ్చారు. పౌలు దగ్గర అలాంటి ఉత్తరం లేదు, ఆయన మాటకారి కాడని కూడా అన్నారు. పైగా ఆయన డేరాలు కుట్టి పొట్టపోసుకున్నాడు. అపొస్తలుడికి సంఘం తిండి పెట్టడం హక్కు అయినప్పుడు, ఈయన ఆ హక్కు వాడుకోవడం లేదంటే ఆయనకు ఆ హక్కు లేనట్టే కదా అని ఎదుటివారి తర్కం. పౌలు జవాబు విచిత్రంగా ఉంటుంది. హక్కు ఉందని 1 కొరింథీయులు 9వ అధ్యాయంలో పొడుగ్గా నిరూపించి, చివరకు అందుకే దాన్ని వాడుకోలేదంటాడు. మీరే నా అపొస్తలత్వానికి ముద్ర అన్నది ఆ అధ్యాయంలో ఆయన చూపిన రుజువు. నిజానికి మాసిదోనియ సంఘాల దగ్గర ఆయన సహాయం తీసుకున్నాడు. పైన చెప్పిన ఎపఫ్రొదితు ఫిలిప్పీ నుంచి చెరసాలలో ఉన్న పౌలుకు ఆ సహాయం తెచ్చినవాడే. మరి కొరింథులో ఎందుకు వద్దన్నాడు? డబ్బు పెట్టినవారు తనను తమ మనిషిగా భావిస్తారని, అప్పుడు పంపినవాడు మారిపోతాడని ఆయన అనుమానం కావచ్చు.

ఇదే అనుమానం 'దిదఖే' అనే చిన్న గ్రంథంలో నియమంగా మారింది. మొదటి శతాబ్దం చివరనో రెండో శతాబ్దం మొదట్లోనో తయారైన ఈ పుస్తకం చాలాకాలం కనిపించకుండా పోయి, 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దొరికింది. 1883లో అచ్చయింది. అందులో అపొస్తలుడు ఊరూరా తిరిగే మనిషి. వచ్చినవాణ్ణి ప్రభువునే చేర్చుకున్నట్టు చేర్చుకోవాలి. అయితే ఒక రోజు ఉండవచ్చు, అవసరమైతే రెండో రోజు. మూడో రోజూ ఉంటే అబద్ధ ప్రవక్త. వెళ్లేటప్పుడు తరవాతి మజిలీ దాకా సరిపడే రొట్టె ఇవ్వాలి. డబ్బు అడిగితే అబద్ధ ప్రవక్త. చూడండి, ఇక్కడ సిద్ధాంతాల మీద ప్రశ్నలు లేవు. ఎన్ని రోజులున్నాడు, ఏం అడిగాడు అన్నవే పరీక్షలు. పేద ఇళ్లలో అతిథికి అన్నం పెట్టినవాళ్లు రాసుకున్న నియమాలివి. నేడు మన ఊళ్ల గోడల మీద అంటించే సభల పోస్టర్లలో కొన్ని పేర్ల ముందు 'అపొస్తలుడు' అని చూసినప్పుడు ఈ నియమాలు మీకు గుర్తుకు రావచ్చు.

రెండో శతాబ్దం నాటికి ఈ మాట తలుపు మూసుకుంది. రోములో శిక్ష అనుభవించడానికి వెళుతున్న అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్, పేతురు పౌలుల్లాగా తాను ఆజ్ఞాపించలేనని, వాళ్లు అపొస్తలులని రోమీయులకు రాశాడు. తిరిగే మనుషుల స్థానంలో ఒకే ఊళ్లో స్థిరంగా ఉండే బిషప్పులు, పెద్దలు వచ్చారు. 'అపొస్తలుడు' గతానికి చెందిన పేరైంది, అధికారానికి కొలబద్ద అయింది. ఏ పుస్తకం ప్రామాణికం, ఏ బిషప్పు నిజమైనవాడు అన్నవాటికి అపొస్తలులతో సంబంధమే ఆధారమైంది. పని చేసేవాళ్లు మాత్రం తరవాతి శతాబ్దాల్లోనూ వేరే పేర్లతో కనిపిస్తారు. మన తెలుగునాట తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగిన యర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం పొంది, ఒంగోలు చుట్టుపక్కల తన మాదిగ బంధువుల మధ్య ప్రకటించాడు. 1878 జూలై 3న ఒంగోలు సమీపంలో గుండ్లకమ్మ దగ్గర 2,222 మందికి బాప్తిస్మం జరిగినప్పుడు, నీళ్లలో నిలబడి ఇచ్చింది మిషనరీ క్లౌ కాదు, తెలుగు బోధకులు. వాళ్ల హోదా 'బోధకుడు' మాత్రమే.

అభ్యాసం: 1 కొరింథీయులు 9వ అధ్యాయం, 2 కొరింథీయులు 11వ అధ్యాయం చదవండి. పౌలు ఇచ్చిన జవాబులను బట్టి, ఆయన ఎదుటివారు చేసిన ఆరోపణలు ఏమై ఉంటాయో ఊహించి, వాళ్ల తరఫున పది వాక్యాల్లో రాయండి.