పటంలోని సిపాయి

మా ఇంట్లో నడిమింటి గోడకు ఒక పటం వేలాడుతుండేది. అందులో మా జేజినాయన. ఖాకీ యూనిఫారం, నెత్తిన టోపీ, రొమ్ము మీద రెండు మూడు రంగుల పట్టీలు. ఆయన మిలిటరీలో ఉండి వచ్చినవాడని ఊరందరికీ తెలుసు. ఏ రెజిమెంటు, ఏ ఊర్లో ఉన్నాడు, యుద్ధంలో ఏం చేసినాడు అంటే మాత్రం ఇంట్లో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. "పాకిస్తానోళ్ల మీద తుపాకీ పేల్చినాడు" అని మా నాయన చెప్పేవాడు. మేమూ బడిలో అదే చెప్పుకొని గొప్పలు పోయేవాళ్లం. నేను ఆరో తరగతిలో ఉండగా జేజినాయన పోయినాడు.

మూడేండ్ల కిందట ఒక రాత్రి కురిసిన వానకు మా మట్టి మిద్దె కారింది. మా సీమలో వాన రాకపోయినా కష్టమే, వచ్చినా కష్టమే! పటంలోకి నీళ్లు దిగినాయి. తెల్లారి నేనే తొందరపడి అద్దం నుంచి ఫోటోను లాగినాను. కాగితం వచ్చింది గానీ ముఖం అద్దానికే అతుక్కుపోయింది.

ఇలా ఎందుకు జరిగిందో బి.ఎస్సీ.లో చేరినాక తెలిసింది. పాతకాలపు నలుపు తెలుపు ఫోటోలో బొమ్మ కాగితంలో ఉండదు. కాగితం మీద పూసిన జెలటిన్ పొరలో సన్నని వెండి రేణువులుగా ఉంటుంది. జెలటిన్ నీళ్లు తాగితే ఉబ్బి జిగురైపోతుంది, ఆరేటప్పుడు అద్దాన్ని పట్టుకుంటుంది. స్టూడియోలో కడిగేటప్పుడు హైపో పూర్తిగా పోకపోతే అందులోని గంధకం వెండిని సిల్వర్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. పాత ఫోటోలు పసుపు పచ్చగా మారడానికి అది ఒక కారణం. రంగుల ఫోటోలలో ఉండేవి అద్దకాలు. అవి వెలుతురుకు వెలిసిపోతాయి, చీకట్లో పెట్టినా మెల్లగా మారుతాయి. వీటికి తోడు మనకు చెదలు ఉండనే ఉన్నాయి. కాబట్టి అతుక్కున్న ఫోటోను ఎన్నడూ లాగకూడదు. ముందు అద్దం మీదనుంచే దానికి ఇంకొక ఫోటో తీసుకోవాలి. కొత్తగా పటం కట్టించేటప్పుడు ఫోటోకూ అద్దానికీ మధ్య అంచుల వెంబడి అట్టముక్క పెట్టించాలి.

ముఖం పోయినందుకు ఏడ్చినాను. కానీ మేము పోగొట్టుకున్నది ముఖం ఒక్కటే కాదని తర్వాత తెలిసింది. పక్క ఊర్లో జేజినాయనతో కలిసి పనిచేసిన పెద్దాయన ఉన్నాడని విని పోయిన సంక్రాంతి సెలవుల్లో వెళ్లినాను. అరుగు మీద కూర్చోబెట్టి ఆయన చెప్పినాడు:

"తుపాకీ ఉండ్య నాయనా, దాన్ని సీటు ఎనక పెట్టుకొని నీళ్ల ట్యాంకరు తోలుతుండ్య మీ జేజినాయన. డెబ్బై ఒకటిలో, జైసల్మేరు కాడ. లైట్లు ఏస్తే పైన ఇమానాలోళ్లు కనుక్కుంటారని చీకట్లోనే తోలల్ల. ఇసుకలో దిగబడితే మేమే తవ్వుకోవల్ల. నీళ్లు రాకుంటే ముందరుండే పిల్లోళ్లు చచ్చిపోతారు గదా!"

దేశంలో వానలు మరీ తక్కువ పడే జిల్లాల్లో జైసల్మేరు మొదటిదని, రెండోది మన అనంతపురమని అంటుంటారు. 1965–66 కరువుకు తాళలేక నా వయసులోనే మిలిటరీలో చేరినవాడు, నీళ్లు లేని ఊరినుంచి పోయి నీళ్లు లేని ఎడారిలో నీళ్లు మోసినాడు. ఈ మాట ఆ పటంలో ఎక్కడుంది? ముఖం చెడకుండా ఉన్నా ఆ పటం మాకు అబద్ధమే చెబుతూ ఉండేది.

బొమ్మ పక్కన మాట ఉండాలనే సంగతి మన పూర్వీకులకు బాగా తెలుసు. మన పీఠభూమిలో ఊరి పొలిమేరల్లో కనబడే వీరగల్లులే అందుకు సాక్ష్యం. సాధారణంగా కింది వరుసలో వీరుడు పోరాడుతుంటాడు, నడుమ అప్సరసలు అతన్ని తీసుకుపోతుంటారు, పైన శివలింగం దగ్గర కూర్చొని ఉంటాడు. కొన్నిటి మీద అతడు ఎవరు, ఎవరి కోసం పోరాడి చనిపోయినాడు అని శాసనం కూడా ఉంటుంది. మన హేమావతిని రాజధానిగా చేసుకొని ఏలిన నోలంబుల మహేంద్రునితో పోరాడి చనిపోయిన నాగత్తరుని కథ బేగూరు వీరగల్లు మీద ఉంది. ఆ రాయిని ఇప్పుడు బెంగుళూరు ప్రభుత్వ మ్యూజియంలో చూడవచ్చు. పదకొండు వందల ఏండ్లయినా ఆ పేరు చదవగలుగుతున్నాం.

అయితే వీరగల్లు చనిపోయినవానికే. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం గోడల మీద చెక్కిన 25 వేలకు పైగా పేర్లు కూడా అమరులవే. 2025 మే నెలలో సరిహద్దులో ప్రాణమిచ్చిన గోరంట్ల మండలం కల్లి తండా యువకుడు మురళీ నాయక్ ముఖం మనమందరం ఎరుగుదుము. అలా ఎరగడం మన బాధ్యత. మరి బతికి వచ్చి, మళ్లీ నాగలి పట్టి, వేరుశనగ వేసుకొని, అప్పులు తీర్చుకున్న సిపాయి సంగతి?

బతికి వచ్చినవారిలో పెద్దవారికి ఆ కరువు లేదు. 1780లో మద్రాసు సైన్యంలో క్యాడెట్‌గా చేరి, 1800 నుంచి 1807 వరకు మన దత్తమండలాలకు కలెక్టరుగా ఉన్న థామస్ మన్రోకు చెన్నైలో గుర్రం మీద కంచు విగ్రహం ఉంది. ఉత్తరాలతో కూడిన జీవితచరిత్ర 1830లోనే వచ్చింది. ఆయన వెంట నడిచిన సిపాయిల ముఖాలు మనకు తెలియవు.

కనుక మనం చేయగలిగిన పని ఒకటుంది. పాత పటం దొరికితే ముందు దాన్ని చదవాలి. రొమ్ము మీది పట్టీలు ఊరికే ఉండవు. పూర్వీ స్టార్ ఉంటే 1971లో తూర్పు రంగం, పశ్చిమీ స్టార్ ఉంటే పడమటి రంగం, సమర సేవా స్టార్ ఉంటే 1965 యుద్ధం. స్వాతంత్ర్య రజతోత్సవ పతకం కనబడితే ఆ ఫోటో 1972 ఆగస్టు 15కు ముందుది కాదు. అసలు పతకం దొరికితే అంచు మీద నంబరు, పేరు చెక్కి ఉన్నాయేమో చూడాలి.

మనిషి ఉన్నాడంటే అంతకంటే అదృష్టం లేదు. ఉదయం పూట అరుగు మీద, నీడలో, ఫ్లాష్ లేకుండా ఫోటో తీయాలి. నంబరు, యూనిట్, చేరిన ఏడు, దిగిన ఏడు, చేసిన పని అడిగి, ఆయన మాటల్లోనే రాసి, చదివి వినిపించాలి. వద్దన్నది కొట్టివేయాలి. ప్రింటు వెనుక మెత్తని పెన్సిల్‌తో పేరు, తేదీ రాయాలి. ఫోన్‌లో ఉంది కదా అని ఊరుకుంటే ఫోన్‌తోనే పోతుంది. వాట్సాప్‌లో పంపితే వివరం తగ్గిపోతుంది. ఒక ప్రతి ఇంట్లో, ఒకటి ఊరి బడిలో, ఒకటి మన కళాశాల లైబ్రరీలో ఉంటే మంచిది.

ఆ పెద్దాయన ఫోటో నేనే తీసినాను. వాళ్లింట్లోవాళ్లు ఎవరిదో కోటు తెచ్చి తొడగబోయినారు. "నాది కాదు, వద్దు" అని డిశ్చార్జి బుక్కు చేతిలో పట్టుకొని కూర్చున్నాడు. నేను రాసింది చదివి వినిపిస్తే ఒక్కటే దిద్దినాడు: "వీరుడు అని రాయొద్దు నాయనా, డ్రైవరు అని రాయి."

అలాగే రాసినాను. మా జేజినాయన ఖాళీ పటం కింద కూడా ఇప్పుడు ఒక కాగితం ఉంది: "1971, జైసల్మేరు, నీళ్ల ట్యాంకరు డ్రైవరు." మిత్రులారా, ఈ సెలవుల్లో మీ ఊర్లో ఒక్క ఇంటికి వెళ్లండి. ఆ యుద్ధంలో ఇరవై ఏండ్లున్నవారికి ఇప్పుడు డెబ్బై దాటినాయి. ఇంకొక వాన వచ్చేదాకా ఆగవద్దు.

— బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి