సేవ చేసిన చేతుల మీదుగా...

బిడ్డకు జ్వరమొస్తే తల్లి ఒళ్లో పడుకోబెట్టుకుంటుంది. వాంతి చేసుకుంటే చేత్తోనే తుడుస్తుంది. ఎవరైనా పోతే అయినవాళ్లంతా చేరి చివరి స్నానం చేయిస్తారు. ఏ దేశంలోనైనా మనుషులు చేసే పనులే ఇవి. సరిగ్గా ఈ ఆప్యాయతనే దారిగా చేసుకుంది ఎబోలా. 2014లో పశ్చిమాఫ్రికాను అల్లాడించిన ఆ వైరస్ ఎలా పాకింది... దాన్ని ఎలా ఆపగలిగారు?

గినియా దేశంలో అడవి అంచున ఉన్న చిన్న పల్లె మెలియాండూ. 2013 డిసెంబరులో అక్కడో పసివాడికి జ్వరమొచ్చింది. వాంతులు, విరేచనాలు. రెండేళ్లయినా సరిగా నిండని ఆ బిడ్డ కొద్దిరోజులకే కన్నుమూశాడు. ఆ వెంటే వాడి అక్క, తల్లి, అమ్మమ్మ. వాళ్లకు సేవ చేసినవాళ్లకీ, అంత్యక్రియలకు వచ్చినవాళ్లకీ అదే జబ్బు! ఆ ఊరికి సియెర్రా లియోన్, లైబీరియా సరిహద్దులు దగ్గరే. సంతలకీ చుట్టాల ఇళ్లకీ జనం రోజూ అటూ ఇటూ తిరుగుతుంటారు. వాళ్లతోపాటే వైరస్సూ తిరిగింది. మొదట కలరా అనుకున్నారు. అది ఎబోలా అని తేలేసరికి 2014 మార్చి వచ్చేసింది. అప్పటికే మూడు నెలలు గడిచిపోయాయి.

గాల్లో తేలుతూ రాదు

ఈ వైరస్ పాతదే. 1976లో నేటి కాంగోలోని యాంబుకు అనే ఊళ్లో బయటపడింది. ఆ ప్రాంతపు నది పేరే దానికి పెట్టారు. అక్కడి మిషన్ ఆస్పత్రిలో రోజుకు ఐదే సిరంజీలు! వందల మందికి వాటితోనే సూదిమందు ఇచ్చేవారు. అలా ప్రాణం పోయాల్సిన చోటే ప్రాణం తీసింది. ఆ ఒక్క దఫాలోనే జబ్బుపడిన 318 మందిలో 280 మంది చనిపోయారు.

ఎబోలా ఫ్లూలాగా గాల్లో తేలుతూ రాదు. రోగి రక్తం, వాంతి, విరేచనం, చెమట లాంటివి తగిలితేనే అంటుకుంటుంది. ఒంట్లో చేరాక 2 నుంచి 21 రోజుల్లోపు బయటపడుతుంది. లక్షణాలు కనపడేదాకా ఆ మనిషి నుంచి ఇంకొకరికి సోకదు. జబ్బు ముదిరేకొద్దీ ఒంట్లో వైరస్ పెరుగుతుంది. మనిషి పోయిన తర్వాత ఆ శరీరం మరీ ప్రమాదం. అంటే దారిన పోయేవాళ్లకన్నా మంచం పక్కన కూర్చున్నవాళ్లకే ముప్పు. తల్లులు, భార్యలు, నర్సులు, డాక్టర్లు... ఆ మూడు దేశాల్లో 500 మందికి పైగా వైద్య సిబ్బంది బలైపోయారు. సియెర్రా లియోన్‌లో ఎబోలా వైద్యానికి నాయకత్వం వహించిన డాక్టర్ షేక్ ఉమర్ ఖాన్ కూడా అదే జబ్బుతో 2014 జులైలో కన్నుమూశారు.

పంపేదే లేదు!

అదే నెల 20న లైబీరియా నుంచి వచ్చిన ఓ వ్యక్తి నైజీరియాలోని లాగోస్ విమానాశ్రయంలో కుప్పకూలాడు. కోటికి పైగా జనమున్న మహానగరమది. ప్రభుత్వ డాక్టర్లు సమ్మెలో ఉండటంతో ఓ ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చారు. మొదట మలేరియా అనుకున్నారు. కానీ అక్కడి సీనియర్ వైద్యురాలు అమేయో స్టెల్లా అడాడెవోకు అనుమానం వచ్చింది. అంతకుముందు ఆమె ఒక్క ఎబోలా రోగినీ చూడలేదు. అయినా పరీక్షలకు పంపారు.

అతను సదస్సుకు వెళ్లాలి, డిశ్చార్జి చేయండంటూ పైనుంచి ఒత్తిళ్లు వచ్చాయి. ఆమె ససేమిరా అన్నారు. జులై 25న అతను చనిపోయాడు. ఆగస్టు 19న అదే జబ్బుతో ఆమె కూడా.

ఆ తర్వాతిదంతా కాళ్లరిగేలా తిరిగే పని. ఆ రోగిని ఎవరు తాకారు, తాకినవాళ్లను ఎవరు తాకారు అని ఆరా తీస్తూ పోతే జాబితా 894 మందికి చేరింది. పోలియో కార్యక్రమంలో ఆరితేరిన సిబ్బందిని దీనికి మళ్లించారు. వాళ్లు ఇంటింటికీ వెళ్లి జ్వరం చూశారు. ఒక్కొక్కరినీ 21 రోజులపాటు! మొత్తం 18,500 సార్లు తలుపులు తట్టారు. ఇంత చేసినా ఒకతను తప్పించుకుని పోర్ట్ హార్కోర్ట్ వెళ్లిపోయాడు. రహస్యంగా వైద్యం చేసిన డాక్టర్ ప్రాణం పోయింది. మళ్లీ అక్కడా వందల మంది వెంట తిరగాల్సి వచ్చింది.

చివరికి నైజీరియాలో లెక్క 20 కేసులు, 8 మరణాల దగ్గర ఆగింది. 42 రోజులు కొత్త కేసు లేకపోతేనే ఆగినట్టు. 21కి రెట్టింపన్నమాట. 2014 అక్టోబరు 20న ఆ గడువు పూర్తయింది.

తుపాకీ ఓడిపోయింది

మిగతా చోట్ల అంత తేలిగ్గా తెమల్లేదు. 2014 ఆగస్టులో లైబీరియా రాజధాని మన్రోవియాలోని వెస్ట్ పాయింట్ మురికివాడను సైన్యం దిగ్బంధించింది. జనం తిరగబడ్డారు. కాల్పుల్లో గాయపడి ఓ కుర్రాడు చనిపోయాడు. పది రోజులకే కంచె తీసేయాల్సి వచ్చింది. మృతదేహాలన్నీ దహనం చేయాల్సిందేనని అదే నగరంలో హుకుం జారీచేస్తే, పూడ్చిపెట్టడమే ఆచారంగా ఉన్న జనం రోగుల్ని ఇళ్లలోనే దాచేశారు. గినియాలోని వోమే గ్రామంలోనైతే అవగాహన కల్పించడానికి వెళ్లిన బృందంలో ఎనిమిది మందిని చంపేశారు. తెల్లటి ముసుగుల్లో వచ్చి మనిషిని తీసుకుపోతారు, మళ్లీ చూపించరు... మరి భయం వేయదా?

ఆ భయాన్ని అర్థం చేసుకున్నాకే దారి దొరికింది. శవాన్ని తాకొద్దంటూనే, కుటుంబం దూరంగా నిలబడి చూసే వీలు కల్పించారు. ఇమాములు, పాస్టర్లు ప్రార్థన చేశారు. సమాధి మీద పేరు రాయించారు. ఊరి పెద్దలే ముందుండి చెప్పడం మొదలుపెట్టారు. దాచడం తగ్గింది, కేసులూ తగ్గాయి. అప్పటికే 28 వేలమందికి పైగా జబ్బు పడ్డారు, 11 వేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది 2016 మార్చిలో.

రోగి చుట్టూ కోట

2015లో గినియాలో ఓ కొత్త టీకాను పరీక్షించారు. ఊరందరికీ కాదు... రోగిని కలిసినవాళ్లకీ, వాళ్లను కలిసినవాళ్లకీ. వెంటనే టీకా వేయించుకున్నవాళ్లలో పది రోజుల తర్వాత ఒక్కరికీ జబ్బు రాలేదు! ఇలా రోగి చుట్టూ కోట కట్టే పద్ధతి మనకూ తెలిసిందే. 1970ల్లో మన దేశం నుంచి మశూచిని తరిమింది ఇలాగే. ఆ ఎబోలా టీకాకు 2019లో ఆమోదం లభించింది. 2020లో రెండు మందులూ వచ్చాయి. అయితే ఇవన్నీ ఎబోలాలో ఒక్క రకానికే.

టీకా ఉన్నా సరే, ఎవరికి వేయాలో తెలియాలంటే ఎవరో ఒకరు ఆ ఇంటి తలుపు తట్టాలి. 'ఎవరెవర్ని కలిశారమ్మా' అని అడగాలి. లోపలివాళ్లు నమ్మి నిజం చెప్పాలి. ఆ నమ్మకం లేనిచోట టీకా సీసా ఐస్‌పెట్టెలోనే ఉండిపోతుంది!